వర్చువల్ మెషీన్‌లో కీబోర్డ్ లేట్‌గా టైప్ అవుతోందా? ఇలా ఫిక్స్ చేయండి

వర్చువల్‌బాక్స్‌లో లైనక్స్ నేర్చుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే డౌట్ ఇది: కీ నొక్కాక అక్షరం ఆలస్యంగా వస్తోంది, ఒక్కోసారి ఒకే అక్షరం నాలుగుసార్లు పడుతోంది, కీబోర్డ్ మార్చాలా? అక్కర్లేదు. కానీ దీన్ని వదిలేయకూడదు కూడా. లైనక్స్ టెర్మినల్‌లో పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చాలావరకు స్క్రీన్ మీద ఏమీ కనిపించదు. ఒక అక్షరం ఎక్కువ పడినా మీకు తెలియదు.

అసలు ఎందుకిలా?

కీ నొక్కినప్పుడు ఒక సిగ్నల్, వదిలినప్పుడు ఇంకో సిగ్నల్ వెళ్తాయి. రెండోది లేట్ అయితే, మీరు కీని ఇంకా పట్టుకునే ఉన్నారని వర్చువల్ మెషీన్ అనుకుంటుంది. అందుకే అదే అక్షరాన్ని మళ్లీ మళ్లీ కొడుతుంది.

ముందు ఈ టెస్ట్ చేయండి

లైనక్స్‌లో ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ఇన్‌స్టాల్ చేయండి. వర్చువల్‌బాక్స్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో నాట్ మోడ్ ఉంచి, పోర్ట్ ఫార్వార్డింగ్‌లో హోస్ట్ పోర్ట్ 2222, గెస్ట్ పోర్ట్ 22 ఇవ్వండి. తర్వాత విండోస్ టెర్మినల్ నుంచి 127.0.0.1కి 2222 పోర్ట్ మీద ఎస్ఎస్‌హెచ్‌తో కనెక్ట్ అవ్వండి.

అక్కడ టైపింగ్ ఫాస్ట్‌గా ఉంటే ప్రాబ్లమ్ కన్సోల్ విండోదే. గెస్ట్ అడిషన్స్ ఇన్‌స్టాల్ చేసి, వీడియో మెమరీని 128 ఎంబీకి పెంచి, గ్రాఫిక్స్ కంట్రోలర్ వీఎంఎస్‌వీజీఏలో ఉందో లేదో చూడండి.

అక్కడా స్లో అయితే?

మెషీన్‌కి ప్రాసెసర్ సరిగా అందట్లేదన్నమాట. ప్రాసెసర్ స్లైడర్‌ని గ్రీన్ గీత దాటనివ్వకండి. 8 జీబీ ల్యాప్‌టాప్ అయితే మెషీన్‌కి 4 జీబీకి మించి ర్యామ్ ఇవ్వొద్దు.

ఇప్పుడు విండో కింద కుడివైపు చూడండి. ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే, విండోస్‌లోని హైపర్-వీ మీద వర్చువల్‌బాక్స్ నడుస్తోందని అర్థం. స్పీడ్ తగ్గడానికి ఇది పెద్ద కారణం. విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్ ఆఫ్ చేసి, విండోస్ సెక్యూరిటీలోని కోర్ ఐసోలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ కూడా ఆఫ్ చేసి రీస్టార్ట్ చేస్తే చాలావరకు తాబేలు పోతుంది.

అయితే ఒక్క మాట. మెమరీ ఇంటెగ్రిటీ అనేది హానికరమైన డ్రైవర్ల నుంచి విండోస్ కెర్నల్‌ని కాపాడే ఫీచర్. వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్ తీసేస్తే డబ్ల్యూఎస్ఎల్ 2 కూడా పనిచేయదు. బ్యాంకింగ్ చేసే ల్యాప్‌టాప్‌లో అయితే నేను దీన్ని ఆఫ్ చేయమని చెప్పను. కాస్త స్లో అయినా సర్దుకోవడమే మేలు.

వీఎంవేర్ వాడుతున్నారా?

దూరంగా ఉన్న సర్వర్ కన్సోల్‌లో అక్షరాలు రిపీట్ అవుతుంటే మెషీన్‌ని పవర్ ఆఫ్ చేసి, దాని వీఎంఎక్స్ ఫైల్‌లో కీబోర్డ్ డాట్ టైప్‌మ్యాటిక్ మిన్ డిలే విలువను 2000000గా పెట్టండి. ఇది మైక్రోసెకన్ల లెక్క, అంటే 2 సెకన్లు. అప్పటినుంచి కీని 2 సెకన్లు పట్టుకుంటేనే అక్షరం రిపీట్ అవుతుంది. ఇది డబుల్ అక్షరాలను ఆపుతుంది కానీ నెట్‌వర్క్ ఆలస్యాన్ని తగ్గించదు. దానికి మళ్లీ ఎస్ఎస్‌హెచ్ వాడటమే బెటర్: అక్కడ మొత్తం స్క్రీన్ బొమ్మ కాకుండా టెక్స్ట్ మాత్రమే వస్తుంది.