మీకు తెలుసా? లాకులెక్కిన పడవలు

మన ధర్పల్లిలో కురిసిన వాన వాగుల వెంట గోదావరిలో కలిసి ధవళేశ్వరం దారి పడుతుంది. అక్కడ 1852లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక, డెల్టా కాలువలు పొలాలతో పాటు పడవలకూ దారిచ్చాయి. నీటి మట్టం మారే చోట లాకు, అంటే రెండు వైపులా తలుపులున్న తొట్టి ఉంటుంది. ఎగువకు వెళ్లే పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు. పైనుంచి నీళ్లు వదిలితే సుళ్లు తిరుగుతూ నిండి, ధాన్యం బస్తాలతో సహా పడవ పైకి లేస్తుంది. మట్టాలు సమం కాగానే ముందు తలుపులు తెరుస్తారు. యంత్రం లేదు, ఇంధనం లేదు. ఎంత చక్కని ఏర్పాటు!

జోరువానలో ప్రయాణికులు గూడు కింద తలదాచుకున్నా, పడవవాళ్లు బురద గట్టు మీద తాడు పట్టి లాగాల్సి వచ్చేది. కాకినాడ నుంచి బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా ఇలాగే సరుకు వెళ్లేది. మన నిజాంసాగర్ కాలువలు సాగు కోసం తవ్వినవి. అందుకే పడవల లాకులు చూడాలంటే ఒకసారి ధవళేశ్వరం వెళ్లండి.