బోధన్ దళిత మహిళల బరువు ఏ లెక్కలో ఉంది?

ఊబకాయం కలిగినోళ్ల జబ్బని మన వాడల్లో ఇప్పటికీ అంటుంటారు. సర్వే లెక్కలు ఆ మాటను సగమే బలపరుస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 30.1 శాతం మందికి అధిక బరువు ఉంది. పట్టణాల్లో 41.7, పల్లెల్లో 23.8 శాతం. అదే సర్వేలో 18.8 శాతం మంది ఉండాల్సిన దానికన్నా సన్నగా ఉన్నారు.

ఎవరికి బరువు పెరిగే అవకాశం ఎక్కువో చెప్పే అంశాలను పరిశోధకులు సూచకాలు అంటారు. వేలమంది కొలతలను వయసు, నివాసం, ఆస్తి, కులంతో కలిపి చూసి వీటిని తేలుస్తారు. దేశమంతటా వయసు, పట్టణ నివాసం, ఆస్తి ముందు వరుసలో ఉంటాయి. బరువుతో ముడిపడిన ప్రతిదీ బరువుకు కారణం కాదు, ఇది విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

ఆస్తినే చూద్దాం. సర్వే ఆదాయం అడగదు. ఇంట్లో టీవీ, ఫ్రిజ్, బండి, మరుగుదొడ్డి ఉన్నాయా అని చూసి ఆస్తి సూచిక కడుతుంది. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడింది. జీతం ఆగినా గోడకున్న టీవీ ఎక్కడికీ పోదు కదా! అలాంటి ఇల్లు లెక్కల్లో మధ్యతరగతిగానే మిగులుతుంది. పప్పు, గుడ్లు తగ్గి రేషన్ బియ్యమే కడుపు నింపుతున్నా సూచిక కదలదు. ఏం తింటున్నారో, ఎన్నిరోజులకోసారి తింటున్నారో సర్వే అడుగుతుంది గానీ ఎంత తింటున్నారో అడగదు.

పని సంగతీ అంతే. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని పొద్దంతా కూర్చునే ఉంటారు. చెరుకు కొట్టే మనిషి ఒంటికీ వాళ్ల ఒంటికీ పోలికే లేదు. ఎన్ని గంటలు కూర్చున్నావనే ప్రశ్న సర్వేలో లేదు.

కొలబద్ద కూడా ఒకటి కాదు. బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ 25 చేరితేనే సర్వే అధిక బరువంటుంది. భారతీయులకు 23 దగ్గరే జాగ్రత్తపడాలని మన వైద్య నిపుణులు 2009లో చెప్పారు. 150 సెంటీమీటర్ల మహిళ 52 కిలోలుంటే డాక్టరు హెచ్చరించాలి. సర్వేకు మాత్రం ఆమె బరువు మామూలే.

ఇక కులం. సర్వేలో ఆ ప్రశ్న ఉన్నా జిల్లా నివేదికలో కులాలవారీ అంకెలు ఉండవు. సగటున జిల్లాకు సుమారు 900 ఇళ్లే చూస్తారు. రాష్ట్రంలోలాగే దళితులు 15 శాతం అనుకుంటే వచ్చేవి 135 ఇళ్లు. వాటిని బోధన్, నిజామాబాద్ పట్టణం, పల్లెలుగా విడదీస్తే చెప్పుకోదగ్గ లెక్క మిగలదు. రాష్ట్రమంతటి ఎస్సీ మహిళల కొలతలు కలిపితే మాత్రం విశ్లేషణకు సరిపోతాయి. మన పరిశోధక విద్యార్థులు అక్కడ మొదలుపెట్టాలని మా సూచన.

దగ్గరలో ఇంకో దారి ఉంది. 30 ఏళ్లు దాటినవారికి ఆశా కార్యకర్త నింపే ఫారంలో నడుము కొలత, వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ ఉందా అనే ప్రశ్న ఉంటాయి. మహిళలకు 80 సెంటీమీటర్లు దాటితే మార్కు పడుతుంది. పేర్లు లేకుండా, పల్లె దవాఖానా, బస్తీ దవాఖానాలవారీగా ఈ మొత్తాలు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద జిల్లా వైద్యారోగ్య అధికారిని అడగవచ్చు.