మంచు పారతో జాగ్రత్త!

కొడుకో కూతురో రమ్మంటే అమెరికా వెళ్ళి నాలుగైదు నెలలు వుండి వచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు మన ఊళ్ళల్లో వీధికి ఇద్దరు ముగ్గురు వుంటారు. దసరా వెళ్ళాక బయలుదేరి, సంక్రాంతి అక్కడే చేసుకునేవారికి మంచుకాలం తప్పదు. న్యూజెర్సీ, మిషిగన్ లాంటి రాష్ట్రాల్లో తెల్లారి తలుపు తీస్తే ఇంటి వెనక డెక్ మీద జానెడు మంచు పేరుకుని వుంటుంది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి వెళ్ళిపోతారు. "ఊరికే కూర్చుని తింటున్నాను, ఈ మాత్రం చెయ్యలేనా?" అని పెద్దాయన పార అందుకుంటారు. ఆ మంచి మనసే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

డెక్ అంటే నేలకి కాస్త ఎత్తున పలకలు పరిచి కట్టిన వసారా లాంటిది. పైకప్పు వుండదు. ఈ మధ్య చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన కాంపోజిట్ పలకలు ఎక్కువగా వాడుతున్నారు.

గుండెకు ఎందుకంత కష్టం?

తడి మంచు ఒక్క పారెడు ఏడెనిమిది కిలోలు తూగవచ్చు. నిమిషానికి పది పారల చొప్పున పది నిమిషాలు ఎత్తిపోస్తే, మొత్తం ఏడెనిమిది వందల కిలోలు ఎత్తినట్టే! పైగా ఇది చేతులతో చేసే పని. నడకలో కంటే ఇందులో రక్తపోటు ఎక్కువగా పెరుగుతుంది. బరువెత్తేటప్పుడు మనకి తెలియకుండానే ఊపిరి బిగబడతాం. చలిగాలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఇవన్నీ ఒక్కసారే గుండె మీద పడతాయి.

1995లో అమెరికా వైద్యులు ఆరోగ్యంగా వున్న యువకుల చేత మంచు ఎత్తించి చూశారు. రెండు నిమిషాల్లోనే వాళ్ళ గుండె వేగం, వ్యాయామంలో మించకూడదని వైద్యులు చెప్పే హద్దు దాటింది. యువకులకే అలా వుంటే అరవై దాటినవారి సంగతి చెప్పాలా? కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 1981 నుంచి 2014 దాకా వివరాలు పరిశీలించి 2017లో ప్రకటించిన అధ్యయనంలో, మంచు బాగా కురిసిన మర్నాడు మగవారిలో గుండెపోట్లు, ఆ మరణాలు పెరిగినట్టు తేలింది.

ఎవరు పార పట్టకూడదు?

గుండెజబ్బు వున్నవారు, స్టెంటు వేయించుకున్నవారు, బైపాస్ చేయించుకున్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు, మధుమేహం వున్నవారు, పొగతాగేవారు, నాలుగడుగులు వేస్తే ఆయాసపడేవారు ఈ పనికి దిగకూడదు. ఎన్నడూ శారీరక శ్రమ అలవాటు లేని పెద్దలు ఏ జబ్బూ లేకపోయినా మానుకోవడమే మంచిది.

మరి చేసేదెలా?

వయసులో వున్నవారైనా కాఫీ తాగగానే, భోజనం కాగానే, నిద్ర లేవగానే ఈ పనికి వెళ్ళకూడదు. ముందు ఇంట్లోనే ఐదు నిమిషాలు అటూ ఇటూ నడిచి ఒళ్ళు వేడి చేసుకోవాలి. మంచు మెత్తగా వున్నప్పుడే తియ్యాలి, తొక్కితే గట్టిపడుతుంది. ఎత్తిపొయ్యకుండా ముందుకు నెట్టాలి. ఎత్తక తప్పకపోతే సగం పారే ఎత్తండి, నడుము కాకుండా మోకాళ్ళు వంచండి, భుజం మీదుగా వెనక్కి విసరకండి. పది నిమిషాలకోసారి లోపలికి వచ్చి కూర్చోవాలి. డెక్ అంతా శుభ్రం చెయ్యనక్కరలేదు; తలుపు నుంచి మెట్ల దాకా మనిషి నడిచేంత దారి చాలు.

ప్లాస్టిక్ పారే వాడాలి. ఇనుపపార కాంపోజిట్ పలకల మీద గీతలు పెడుతుంది. పలకలు పరిచిన వైపే, పొడవుగా నెట్టాలి. అడ్డంగా నెడితే పార అంచు సందుల్లో తట్టుకుని మీరు తూలిపోతారు. తీసిన మంచుని గోడ పక్కన పొయ్యకండి. ఇంటిని వేడిచేసే యంత్రం పొగగొట్టం అక్కడే వుండవచ్చు. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లో చేరుతుంది. దానికి వాసన వుండదు.

గడ్డకట్టిన మంచు ఇంకా ప్రమాదం

డెక్ కింద కూడా చలిగాలి ఆడుతుంది కనుక నేలకంటే ముందే అక్కడ నీరు గడ్డకడుతుంది. కాంపోజిట్ పలక నీటిని పెద్దగా పీల్చదు. పైన అద్దంలా పలచని పొర కడుతుంది. అది కంటికి కనపడదు. దాన్ని గొడ్డలితోనో గునపంతోనో కొట్టకండి. వేడినీళ్ళు అసలే పొయ్యకండి. కాసేపట్లో అవే మళ్ళీ గడ్డకడతాయి.

ఉప్పు చల్లితే ఐసు కరుగుతుంది. అయితే మైనస్ పది డిగ్రీల చలిలో ఉప్పు పెద్దగా పనిచెయ్యదు. అప్పుడు కాల్షియం క్లోరైడ్ మేలు. అది తడి చేతికి తగిలితే మంట పుడుతుంది, కళ్ళలో పడితే ప్రమాదం. తొడుగులు వేసుకోండి, చంటిపిల్లలకి అందనివ్వకండి. రంగు కలిపిన ఉప్పు మరకలు పెడుతుంది. ఎండ వచ్చాక పలకల్ని నీళ్ళతో కడిగెయ్యండి.

హవాయి చెప్పులతో చెత్త పారెయ్యడానికని గడప దాటకండి. గాడి పడిన రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి. చిన్న అడుగులు వెయ్యండి, చేతులు జేబుల్లో పెట్టుకోకండి, మెట్ల దగ్గర కటకటా పట్టుకోండి. మధుమేహంతో పాదాలు తిమ్మిరెక్కినవారికి చలికి వేళ్ళు దెబ్బతిన్నా తెలియదు. లోపలికి రాగానే పాదాలు చూసుకోవాలి.

ఈ సూచనలు కనిపిస్తే...

ఛాతీలో బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్ళు తిరగడం - వీటిలో ఏది కనిపించినా పార అక్కడే వదిలెయ్యండి. గ్యాసేమోనని సోడా తాగి కూర్చోకండి. అబ్బాయికి కాదు, ముందు 911కి ఫోను చెయ్యండి. రక్తం పలచబడే మందులు వాడేవారు జారిపడి తలకి దెబ్బ తగిలితే, పైకి ఏమీ లేకపోయినా ఆసుపత్రికి వెళ్ళి తీరాలి.

అమెరికాలో వున్న పిల్లలకి ఒక మాట. "నాన్నా, మీరు పార ముట్టుకోవద్దు" అని మొదటి మంచు కురవకముందే గట్టిగా చెప్పండి, పారని గరాజ్‌లో వేసి తాళం పెట్టండి. డెక్ మీద మంచు వారం రోజులు అలాగే వున్నా ఎవరికీ నష్టం లేదు. నిదానమే ప్రధానం.