తొలి వీడియో ఆటలు: ఒక లోపము నేర్పిన పాఠము

ఒక ఆట జనులకు నచ్చవలెనన్న హంగులు ఎంతవరకు అవసరము? అచ్చనగాయలకు ఐదు రాళ్లు చాలును. ఆట నియమము చూచినంతనే తెలియును. నేర్పవలసినది మాత్రము ఎంత ఆడినను మిగిలియే యుండును. 1970, 1980 దశకములలో అమెరికా, జపాను దేశములందు వెలసిన తొలి వీడియో ఆటలకును ఇదియే లక్షణము. నాణెము వేసి ఆడు ఇట్టి యంత్రములుండు శాలలకు ఆర్కేడ్లని పేరు. ఆ యంత్రముల శక్తి మిక్కిలి స్వల్పము. అయినను ఆ ఆటలను నేటికిని ఆడువారు కలరు. దీనికి కారణమేమో చూతము.

1972లో అటారీ సంస్థ 'పాంగ్' అను ఆటను వెలువరించెను. నల్లని తెర, ఇరువైపుల రెండు తెల్లని గీతలు, వాని నడుమ బంతివలె కదలు ఒక చుక్క. గీతయే బ్యాటు. దీనిని నిర్మించిన ఇంజనీరు ఆలన్ ఆల్కార్న్. ఇందు మైక్రోప్రాసెసరు లేదు, ప్రోగ్రామును లేదు. ఎలక్ట్రానిక్ వలయములే ఆటనంతయు నడిపెడివి. ఆల్కార్న్ బ్యాటును 8 భాగములుగా విభజించెను. బంతి నడిమి భాగమునకు తగిలిన తిన్నగాను, అంచులకు తగిలిన ఏటవాలుగాను మరలును. ఈ ఒక్క ఏర్పాటుతో ఆటగానికి గురిచూచి కొట్టు అవకాశము కలిగెను. వలయములోని ఒక లోపమువలన బ్యాటు తెర పైఅంచువరకు పోజాలకుండెను. ఆల్కార్న్ దానిని సరిదిద్దలేదు. ఆ సందు లేకున్న, ఆరితేరిన ఇరువురి నడుమ ఆట ఎప్పటికిని ముగియదు!

ఇంతకంటె విశేషమైనది 1978లో జపానులోని టైటో కంపెనీ వెలువరించిన 'స్పేస్ ఇన్వేడర్స్'. దీని రూపకర్త తొమొహిరో నిషికాడో. ఇందు 5 వరుసలలో, వరుసకు 11 చొప్పున, 55 శత్రుజీవులు కవాతు చేయుచు క్రమముగా క్రిందికి దిగును. ఆటగాడు క్రిందనున్న ఫిరంగితో వానిని ఒక్కొక్కటిగా కూల్చవలెను. యంత్రములోని ఇంటెల్ 8080 మైక్రోప్రాసెసరుకు 55 బొమ్మలను ఒక్కమారుగా కదల్చు శక్తి లేదు. తెరపై చిత్రము సెకనుకు సుమారు 60 మారులు మారును; మారినప్పుడెల్ల ఒక్క జీవి మాత్రమే ఒక అడుగు కదలును.

ఇక లెక్క వేయుదము. 55 జీవులున్నప్పుడు దండు అంతయు ఒక అడుగు కదలుటకు 55/60, అనగా 11/12 సెకను పట్టును. 11 మిగిలిన 11/60 సెకను చాలును. ఒక్కటే మిగిలిన 1/60 సెకను. కనుక చివరి జీవి మొదటికంటె 55 రెట్లు తరచుగా అడుగులు వేయును. శత్రువులు తగ్గినకొలది ప్రమాదము పెరుగును! నిషికాడో దీనిని ముందుగా తలపెట్టలేదు. యంత్రపు అశక్తతవలన కలిగినది. ఆట రక్తి కట్టుచున్నదని గమనించి ఆయన దానిని అట్లే ఉంచెను.

అన్ని పరిమితులును ఇట్లు మేలు చేయవు. 1980లో నామ్కో సంస్థకై తోరు ఇవతాని రూపొందించిన 'ప్యాక్ మ్యాన్'లో దశ సంఖ్యను 8 బిట్లలో నిలువచేసిరి. 8 బిట్లలో ఇముడు గరిష్ఠ సంఖ్య 255. దానికి 1 కలిపిన 256 రాదు, సున్న వచ్చును. అందుచే 256వ దశలో పండ్ల బొమ్మలను గీయు ప్రోగ్రాము లెక్క తప్పి, తెర కుడిసగమును అక్షరములతోను గుర్తులతోను నింపివేయును. ఆట అంతటితో సరి.

ఈ ఆటలు కాలక్షేపముతో ఆగలేదు. న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ 2012లో ప్యాక్ మ్యాన్‌ను, 2013లో పాంగ్, స్పేస్ ఇన్వేడర్స్ ఆటలను తన సేకరణలో చేర్చుకొనెను. 2015లో లండనులోని డీప్‌మైండ్ సంస్థవారు, ఇండ్లలో ఆడు అటారీ యంత్రపు ఆటలు 49 తీసికొని, నియమములు చెప్పకయే, తెరపై బొమ్మను, వచ్చిన పాయింట్లను మాత్రమే చూచి నేర్చుకొను కంప్యూటరు ప్రోగ్రామును 'నేచర్' పత్రికలో వివరించిరి. నియమములు కొద్ది; ఫలితము అంకెలలో తెలియును. అందువలననే ఇవి పరిశోధనకు అనువైనవి.

ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలోనే చూపవచ్చును. 11 మంది విద్యార్థులను వరుసగా నిలిపి, చప్పటకు ఒక్కరు చొప్పున ఒక అడుగు వేయింపవలెను. 11 చప్పట్లకు వరుస ఒక అడుగు కదలును. పిదప ఒక్కొక్కరిని తొలగించుచు పోవలెను. చప్పట్ల వేగము మారదు. వరుస వేగము పెరుగును. వేగము జనసంఖ్యకు విలోమానుపాతములో నుండునని విద్యార్థులు తామే కనుగొందురు.

ప్రయోగశాలలో అనుకొనని ఫలితము రాగానే దానిని చెరిపి, పుస్తకములోని అంకెను వ్రాయు విద్యార్థులను నేను ఏటేట చూచుచున్నాను. తప్పు దిద్దుకొనవలసినదే, కాని దిద్దుటకు ముందు అది ఏల కలిగెనో అడుగవలెను. నిషికాడో చెరిపివేసియున్నచో ఆ 55వ శత్రువు తక్కినవానివలెనే మెల్లగా నడచియుండెడిది.