తలపై ఉక్కు పట్టా

మంజీర మీద 1905లో కట్టిన ఘనపూర్ ఆనకట్ట నీళ్లతో పండిన వడ్లు కోతల కాలంలో మెదక్ చుట్టుపక్కల మిల్లులకు చేరతాయి. లారీ లోడు మీదికెక్కి టార్పాలిన్ కప్పి తాడు బిగించే హమాలీకి నేల నాలుగు మీటర్ల కింద ఉంటుంది. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నాలుగు మీటర్లేగా అనిపిస్తుంది. చిక్కంతా ఆ తక్కువ ఎత్తులోనే ఉంది.

మామూలు సేఫ్టీ బెల్టు లెక్క చూడండి. తాడు రెండు మీటర్లు. దాని చివర మడతపెట్టి కుట్టిన పట్టీ ఒకటి ఉంటుంది. మనిషి పడ్డప్పుడు కుట్లు వరసగా తెగుతూ అది మరో మీటరున్నర దాకా సాగి, కుదుపును ఒంటికి గట్టిగా తగలకుండా మింగేస్తుంది. ఆపైన వీపు నుంచి పాదాల దాకా ఒళ్లు, కాళ్ల కింద కాస్త ఖాళీ. తాడు కట్టిన చోటి నుంచి మొత్తం ఆరు మీటర్లు కావాలి. కాళ్ల దగ్గర కట్టుకుంటే లారీ మీది మనిషిని తాడు పూర్తిగా ఆపేలోపే నేల తగులుతుంది.

గీత కార్మికులకు దీనికో కిటుకు తరతరాలుగా తెలుసు. తాటిచెట్టు చుట్టూ మోకు వేసి, ఎక్కేకొద్దీ దాన్నీ జరుపుకుంటారు. మనిషితో పాటు ఆధారమూ కదలాలి. అయినా మోకు జారిందా, ప్రాణం మీదికే. అందుకే 2024లో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్ష’ పేరుతో వాళ్లకు కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

పడేవాణ్ని కింద వలతో ఆపడం ఇంకో దారి. అమెరికాలో గోల్డెన్ గేట్ వంతెన కట్టేటప్పుడు కింద వల పరిచారు. అందులో పడి 19 మంది బతికారు. 1937 ఫిబ్రవరిలో విరిగిపడ్డ పరంజా ఆ వలనే చింపేసి పదిమందిని బలిగొంది.

ఉక్కు పట్టా పద్ధతిలో రక్షణ కింద కాదు, తలపైనే ఉంటుంది. పైన బిగించిన ఉక్కు పట్టాలో చిన్న చక్రాల బండి, దానికి తాడును చుట్టుకునే పెట్టె. మెల్లగా నడిస్తే తాడు వదులుతుంది; ఒక్కసారి గుంజితే కారు సీటు బెల్టులా పట్టేస్తుంది. మనిషి పెద్దగా పడకముందే ఆగుతాడు. పట్టాకు బదులు ఇనుప తీగ కడితే బరువుకు మధ్యలో కుంగుతుంది, కుంగినంతా పడే దూరమే. కుంగకుండా బిగిస్తే కొసల స్తంభాల మీద లాగుడు కొన్ని రెట్లవుతుంది. ఒకరు పడితే పక్కవాడి తలపైనా తీగ ఊగిపోతుంది. గట్టి పట్టాతో ఆ బాధ లేదు.

కొత్త షెడ్డు కట్టే మిల్లుల వాళ్లు లోడింగు జాగా మీద ఈ పట్టాను నక్షాలోనే చేర్చాలి. పాత షెడ్డయితే దూలాలు ఆ కుదుపును మోస్తాయో లేదో ముందు ఇంజనీరు చూడాలి. మోయలేవంటే విడిగా స్తంభాలు పాతించాల్సిందే.