కాన్పుతో తీరని చక్కెర

భువనగిరి ఏకశిలా దుర్గము కనుచూపుమేరలో నున్న పల్లెలనుండి ఆసుపత్రికి వచ్చిన గర్భిణి, 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లను డోకు వచ్చుచున్నను ఆపుకొనుచు త్రాగి, రెండు గంటలు బల్లమీద కూర్చుండి, పిమ్మట నెత్తురిచ్చి, అందు చక్కెర డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు దాటినదని విని దిగులుపడును. కాన్పు కాగానే ఆ అంకె దిగిపోవును గనుక, "షుగరు పోయింది బిడ్డా" అని తల్లి ఊరడించును. పోయినది అంకెయే గాని, దానిని పుట్టించిన దేహస్థితి పోలేదు.

శిశువునకు పోషణ కొరత పడకుండుటకై మాయనుండి వెలువడు హార్మోనులు తల్లి దేహమున ఇన్సులిన్ పనిని మందగింపజేయును. క్లోమము మరింత ఇన్సులిన్ స్రవించి దానిని సరిదిద్దుకొనవలెను. ఆ శక్తి చాలనివారికే ఈ గర్భకాల మధుమేహము కలుగును. ఇట్టివారికి ముందుముందు టైపు 2 మధుమేహము వచ్చు అవకాశము ఇతర స్త్రీలకంటె పదిరెట్లకు చేరువగా నుండునని 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన సమీక్ష తేల్చినది.

అయితే అందరికిని రాదు. ఎవరికి వచ్చునో ముందే తెలియుటెట్లు? జన్యువుల అక్షరక్రమము చెక్కుచెదరకయే, ఒక కర్బన పరమాణువును మూడు హైడ్రోజన్ పరమాణువులును గల మిథైల్ సమూహము డీఎన్ఏలోని సైటోసిన్‌ను అంటుకొని ఆ జన్యువు పనిని అణచగలదు. గర్భకాల మధుమేహము వచ్చిన స్త్రీల నెత్తుటిలో ఇట్టి గుర్తులను శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు గాని, ఒక జనసమూహమున కనబడిన గుర్తు వేరొకచోట నిలువకుండుటయు, అది కారణమో ఫలితమో తేలకుండుటయు వలన, ఆసుపత్రిలో వాడదగిన పరీక్ష యింకను రూపొందలేదు. హైదరాబాదు సీసీఎంబీ పరిశోధనశాలలో గిరిరాజ్ చందక్ బృందము, పుణెలోని వైద్యుడు యాజ్ఞిక్ బృందముతో కూడి, తల్లి పోషణకును సంతానపు మిథైల్ గుర్తులకును గల సంబంధమును శోధించినది. ఈ మిథైల్ సమూహములను చేరవేయుటలో విటమిన్ బి12తో కలిసి పనిచేయు ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. నేడు గర్భిణులు మ్రింగు ఇనుపమాత్రలో నున్నదదియే.

కణములోని గుర్తు దొరకువరకు ఆగనేల? గర్భమున షుగరు వచ్చినదను సంగతియే చాలినంత గుర్తు. కాన్పైన ఆరు వారములకు మరల ఆ గ్లూకోజు పరీక్ష చేయవలెనని ప్రభుత్వ మార్గదర్శకములు చెప్పుచున్నవి. కాని తొలి కాన్పు తల్లిగారింట. కొన్నాళ్లకు అత్తగారింటికి ప్రయాణము. ఈ ఊరి ఆశా కార్యకర్తకు ఆమె కనబడదు, ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఆమె చరిత్ర తెలియదు. బిడ్డకు మాత్రము ఆరు వారముల టీకా దాదాపుగా తప్పదు. ఆనాడే తల్లికిని పరీక్ష చేసి, ఆ ఫలితమును బిడ్డ టీకాల కార్డుమీదనే వ్రాయవలెనని నేను గట్టిగా కోరుచున్నాను. బీబీనగరున 2019లో వెలసిన ఎయిమ్స్ ఈ పనికి చుట్టుపట్ల పల్లెలలో పూనుకొనిన మిక్కిలి మేలు.

ముందే తెలిసినచో చేయదగినది కలదు. అమెరికాలో జరిగిన మధుమేహ నివారణ పరీక్షయందు, గర్భకాల మధుమేహము వచ్చి మానిన స్త్రీలలో, ఆహార వ్యాయామ నియమములు గాని మెట్‌ఫార్మిన్ అను మందు గాని వ్యాధిని ఇంచుమించు సగమునకు తగ్గించినవి. టీకా గదిలో బాలింత రెండు గంటలు కూర్చుండుటకొక బల్ల, పాలిచ్చుటకొక మరుగు, తోడువచ్చిన అత్తతో నెమ్మదిగా నాలుగు మాటలాడు నర్సు: ఇంతమాత్రపు ఏర్పాటు జిల్లాలోని ప్రతి ఆరోగ్యకేంద్రమున ఈ యేటనే జరుగవలెను.