పలౌ దీవులలో సముద్ర సంరక్షణము



పసిఫిక్ మహాసముద్రమున, ఫిలిప్పీను దీవులకు తూర్పున, పలౌ అను చిన్న దేశము కలదు. అది 1994లో స్వతంత్రమయ్యెను. అచటి జనసంఖ్య ఇరువది వేలకు లోపు. నేల స్వల్పము, ఏలుబడిలోని జలము మాత్రము సుమారు 6 లక్షల చదరపు కిలోమీటర్లు. సముద్రమే వారికి పొలము. కాని పొలమునకు గట్టు కలదు, సముద్రమునకు లేదు. ఒకడు విడిచిన చేపను వేఱొకడు పట్టును. అట్టిచోట మితము నిలుచు టెట్లో నేడు మనవి చేసెదను.

ఆ దీవులలో 'బుల్' అను పూర్వాచారము కలదు. పెద్దలు సభ కూడి, ఫలానా పగడపు దిబ్బకడ ఇంత కాలము వేట కూడదని శాసింతురు. దీని మర్మమేమనగా, కొన్ని జాతుల చేపలు నియత మాసములలో, అమావాస్య సమీపించునపుడు, గ్రుడ్లు పెట్టుటకు ఒకే తావున గుంపులుగా చేరును. నాడు వల వైచినచో పడవ నిండును. కాని తల్లితో సంతతియు నశించును. విత్తనములు వండుకొని తిన్న గృహస్థునకు మఱుసటి పంట యెక్కడిది? ఈ తిథి నియమమును అచటి బెస్తలు తరతరములుగా ఎఱుగుదురు. జోహాన్నెస్ అను శాస్త్రజ్ఞుడు వారికడ నేర్చి 1981లో గ్రంథము ప్రకటించెను. 1994లో ఉత్తరభాగపు నాయకులు ఎనిమిది కాలువలలో ఏప్రిలు మొదలు జూలై వఱకు వేట మాన్పించిరి.

పెద్దలమాట ఊరివారి నాపును గాని దూరదేశపు ఓడల నాపునా? 1982 నాటి సముద్రన్యాయపు ఒడంబడిక తీరదేశములకు 200 నాటికల్ మైళ్ల వఱకు హక్కు నొసగెను. ఆ యేడే పలౌతో గూడ ఏడు ద్వీపదేశములు నౌరు ఒడంబడికచే ఏకమైనవి. తరువాత అవి ట్యూనా చేపల వేటను ఓడకు ఇన్ని దినములని లెక్కగట్టి విక్రయింప సాగినవి. విడివిడిగా లొంగినవారు కలిసి బేరమాడగల్గిరి.

పలౌ మఱియు ముందడుగు వేసెను. 2015లో చేసిన చట్టము 2020 జనవరి 1న అమలునకు వచ్చి, నూటికి 80 పాళ్లు జలమున వేటను మాన్పించెను. ఇందు కష్టము లేకపోలేదు. ఓడల రుసుము తగ్గును. విశాల జలమునకు కావలి పడవలు చాలవు. ట్యూనా హద్దు నెఱుగదు. యాత్రికుల రాబడి ఆదుకొనునని నమ్మిరి. 2020లో మహమ్మారి వలన అదియు స్తంభించెను.

ఆంధ్రతీరమునను ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు యంత్రపు పడవల వేట నిలుపుదురు. ఆ రెండు నెలలును బెస్త ఇంట పొయ్యి వెలుగు ఏర్పాటున్నగాని నియమము నిలువదు. బుల్ నిలిచినది పెద్దలే విధించి, పెద్దలే పాటించుట చేతను, గడువు తీరగానే సముద్రము మరల అందఱిది యగుట చేతను. నియమము చేయువారు దాని బరువును తామును మోయవలెనని మనము గ్రహింపవలసియున్నది.